కొండచెట్ల చిత్తరువులు

ఎఱ్ఱచందనము నెఱుగని యిల్లు మన సీమలో లేదు. తిరుపతికి బోయి వచ్చువారు ఆ కొయ్యతో జేసిన బొమ్మల జతను పిల్లలకు దెచ్చుట పూర్వాచారము. సానమీద నఱగదీసి వాపులకు పట్టువేయుట పెద్దలెఱిగిన వైద్యము. ఐరోపా వర్తకులు దానిని అద్దకపు రంగుకొఱకు ఓడల కెక్కించిరి. జపానువారు తమ తంత్రీవాద్యములకై దానిని కోరిరి. నేటి వార్తాపత్రికలలోను దాని పేరు తఱచుగా గానవచ్చును. కాని యచ్చట నది చెట్టు కాదు, దుంగ. ఇంత వాడుకలోనున్న యీ చెట్టు వేసవిలో కొండమీద నిలుచున్నప్పు డెట్లుండునో చెప్పుమని యడిగినచో, చదువుకొన్నవారిలో నూటికొక్కరైన జెప్పగలరా యని నా సందేహము. దాని బెరడు మొసలిచర్మమువలె నల్లబడి బిళ్లలు బిళ్లలుగా బగిలియుండును. చలి వెనుకబడినతోడనే ఆకు రాల్చును. ఎండలు ముదిరిన పిమ్మట చిన్న చిన్న పసుపుపచ్చని పూలు పూయును. పేరు ఎఱ్ఱచందనము, పూవు పసుపు, చూపునకు నలుపు! ఎఱుపు లోపల దాగియున్నది. గొడ్డలి పడిననాడు గాని బయటపడదు.

ఈ వ్యాసమున నేను విచారింపదలచినది చిన్న విషయము. వేసవిలో కొండలకు బోయి, చెట్టునెదుట గూర్చుండి, దానిని దానిగా రంగులలో వ్రాసినవారు మనలో నెవరు? వ్రాసినవారి పేర్లేమాయెను? వ్రాయకుండుటకు గారణమేమి? ఇది చిత్రకళాభిమానులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. అడవికి లెక్కలున్నవి, చట్టములున్నవి, మూసిన గేట్లున్నవి. చెట్టు నిలువెత్తు రూపమును జూపు చిత్తరువులు మాత్రము మన యిండ్లలోగాని బడులలోగాని కానరావు. కన్నెఱుగని వస్తువును మనస్సు కాపాడదు.

మన కవులు చెట్లను వర్ణింపలేదా యని చదువరులు నన్నడుగవచ్చును. వర్ణించిరి, పుట్లకొలది వర్ణించిరి. మన ప్రబంధములలోని వనవర్ణనలలో పొన్న, పొగడ, పాటల, మాలతి యనునవి యన్నియు నొక్కతోటలో నొక్కదినమున బూయును. యతికి గుదిరిన చెట్టు మొలచును. ప్రాసకు గుదురనిది యెండిపోవును. కవి ఆ వనమునకు బోయెనా యని యడుగుట యనాగరకము. ఇట్టి వర్ణనలపై నిర్దాక్షిణ్యముగా విమర్శ సలిపినవారిలో మా చిత్తూరువారే యైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ముఖ్యులు. వారి 'కవిత్వతత్త్వవిచారము' 1914వ సంవత్సరమున వెలువడినప్పుడు పండితులలో గలిగిన కలవరము సాహిత్య చరిత్ర చదివినవారికి దెలిసినదే. కవిత్వమున వారు లేవనెత్తిన యాక్షేపణను చిత్రకళకును వర్తింపజేసి చూడవలసియున్నది.

సంస్కృతకవులలో గాళిదాసు వేసవిని జూచినవాడు. ఋతుసంహారము గ్రీష్మముతోనే మొదలగును. శాకుంతల నాటక ప్రస్తావనలో నటి పాడునదియు గ్రీష్మమును గూర్చియే. ఆ నాటకపు ఆఱవ యంకమున దుష్యంతుడు శకుంతల చిత్తరువును వ్రాసి, అది చాలక, ఇంకను వ్రాయవలసినవాటిని విదూషకునకు జెప్పును. మాలినీనది, ఇసుకతిన్నెలపై హంసల జంట, హిమవంతుని పాదమున నున్న కొండలు, నారచీరలు వ్రేలాడుచున్న చెట్టు, ఆ చెట్టు క్రింద జింకలు. వట్టి చెట్టు కాదు. తాపసులు తడిబట్టలారవేసికొన్న చెట్టు. రాజు కంటితో జూచినదనుటకు ఇంతకు మించిన గుర్తు లేదు. అయినను ఆ చిత్తరువు వ్రాయబడునది అంతఃపురపు తోటలో. చెట్టున్నది ఎక్కడనో కొండల మొదట. మన పూర్వుల చిత్రకళ యంతయు నీ తీరుననే నడచినది. చూచుట యొకచోట, వ్రాయుట యొకచోట, నడుమ జ్ఞాపకము.

ఇందు దోషమున్నదని నేననను. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము ఏ ఋతువు నెట్లు వ్రాయవలెనో విధించినది. గ్రీష్మమునకు బడలిన మనుష్యులు, నీడ జేరిన మృగములు, బురదలో బొరలు దున్నపోతులు, ఎండిన చెఱువులు. మంచి ఎంపికయే, మా యూళ్లలో నేటికిని వేసవి యట్లే కనబడును. కాని యొక్కమాట గమనింపుడు. ఆ విధిలో చెట్టు నీడగా వచ్చినది గాని చెట్టుగా రాలేదు. అది ఆకు రాల్చినదా, చిగిర్చినదా, పూచినదా యను విచారము శాస్త్రకారునకు లేదు.

మన ప్రాంతపు చిత్రకళలో ఈ సంగతి మఱింత విచిత్రముగా గనబడును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని దలంపుడు. వారు నూలుబట్టను కరక్కాయ రసము కలిపిన గేదెపాలలో నానవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో నూరబెట్టి నల్లరంగును, పటిక సాయమున వేళ్లనుండి ఎఱుపును దీయుదురు. నీలికి నీలిమొక్క, పసుపునకు మరల కరక్కాయయే దిక్కు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టినచో గలము. సువర్ణముఖి నీరు దానికి గడపటి సంస్కారము. ఇంతగా కొండను, అడవిని వాడుకొన్న చిత్రకళ మఱియొకటి లేదనవచ్చును. అయినను ఆ బట్టమీద రాముడు వనవాసము చేయు అడవిని జూడుడు. వంపు తిరిగిన కాండము, వరుస తీర్చిన యాకులు, గుత్తులు గుత్తులుగా బూలు. అది యేచెట్టో చెప్పలేము. చెప్పవలసిన యక్కఱయు లేదు. వారు చెట్లతో వ్రాసిరి గాని చెట్లను వ్రాయలేదు. లేపాక్షి పైకప్పులమీది చిత్రములందును చెట్టు కథకు ద్వారబంధము వంటిదే. అందు గొప్ప కళ యున్నది. అయినను 16వ శతాబ్దమున ఆ కొండలపై నెట్టి చెట్లుండెనో తెలియగోరువానికి ఆ పైకప్పు సాక్ష్యము పలుకదు.

చెట్టును కంటికెదురుగా నుంచుకొని వ్రాయుట మన తెలుగు చేతులకు మొదట నబ్బినది కుంపిణీ కొలువులో. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు 1781 మొదలు సామర్లకోటలో నుండి, అక్కడి చిత్రకారులను గొలువునందుంచుకొని మొక్కల పటములను వ్రాయింప మొదలిడెను. వానిలో 300 పటములు 'కోరమాండలు తీరపు మొక్కలు' అను పేర 1795 మొదలు మూడు పెద్ద సంపుటములుగా లండనులో అచ్చయినవి. అతడు జీవితకాలమున వ్రాయించిన పటములు రెండువేల యైదువందలకు మించును. చెట్లకు బేర్లు పెట్టునప్పుడు రాక్స్‌బరో తెలుగువారి నోటిమాటను గౌరవించెను. సోమిద చెట్టు, తంబుగ చెట్టు నేటికిని ప్రపంచ వృక్షశాస్త్రమున తెలుగు పేళ్లనే, లాటిను తొడుగుతో, మోయుచున్నవి. ఆ తంబుగ మన శేషాచలపు చెట్టే. కాని చెట్ల పేర్లు నిలిచినవి, వానిని వ్రాసిన మనుష్యుల పేర్లు నిలువలేదు. అచ్చుపటముల క్రింద వారి పేర్లు వెదకినను దొరకవు.

ఆ పాపమును కొంత కడిగినవాడు రాబర్టు వైటు. ఇతడును స్కాట్లండువాడే, 1819లో చెన్నపట్టణపు సేనలో వైద్యుడుగా వచ్చి, 1853 వఱకు దక్షిణదేశపు మొక్కలను సేకరించెను. ఇతని కొలువులో మొదట రంగయ్య, పిదప గోవిందు అను నిద్దఱు చిత్రకారులు పనిచేసిరి. వారు తంజావూరు చిత్రకార సంప్రదాయమువారు. నాయకరాజుల కాలమునుండి ఆ సంప్రదాయమున తెలుగు రాజుల కుటుంబములవారే ప్రధానులు. రంగయ్య, గోవిందు అను పేర్ల పొందికయు తెలుగునే సూచించుచున్నది. కృష్ణుని బుగ్గకు వెన్నపూత వంటి మెఱుగు దిద్దుట, రాళ్లు పొదిగి బంగారురేకు అతికించుట నేర్చిన చేతులు, దొర బల్లముందు గూర్చుండి, పూవును చీల్చి, కేసరములను లెక్కించి, అండాశయమును అడ్డముగా గోసి, ఉన్నదున్నట్లు వ్రాయ నేర్చినవి. ఈ మార్పు ఎంతటిదో ఆలోచింపుడు. దేవతల కొలతలను గంఠస్థము చేసినవాడు ఆకుకొలతకు దారముబట్టి కూర్చుండెను!

వైటు ప్రకటించిన గ్రంథములలో పెద్దది 2,101 పటములు గలది. 1838 మొదలు 1853 వఱకు భాగములు భాగములుగా వెలువడెను. నీలగిరుల మొక్కలకే ప్రత్యేకించిన గ్రంథము 1846 మొదలు 1851 వఱకు వచ్చినది. పెక్కు పటముల క్రింద వ్రాసినవాని పేరు రంగయ్య యనియో గోవిందనియో అచ్చుపడియున్నది. వైటు ఇంతటితో నాగక, ఒక చిన్న యడవి మొక్కల గణమునకు గోవిందు పేరుమీద 'గోవిందూయియా' యని పేరు పెట్టెను. పేరులేని పనివాడుగా నుండదగినవానికి, వృక్షశాస్త్రపు గ్రంథమున గులపతి స్థానము! కాని శాస్త్రజ్ఞులు పిదప ఆ మొక్కను వేఱొక గణములో గలిపినందున ఆ పేరు వ్యవహారభ్రష్టమైనది. దీని ప్రక్కన మఱియొక పేరును బెట్టి చూడుడు. తిరుమల కొండలలో మాత్రమే సహజముగా బెరుగు పేరీతకు 1883లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సైకస్ బెడ్డోమీ'. అటవీ సంరక్షకుడైన బెడ్డోముదొర స్మారకమది. ఆ పేరు చెక్కుచెదరలేదు. నేను దీనిలో నెవరి కుట్రయు జూడను. శాస్త్రమునకు గావలసినది పొందిక గాని కృతజ్ఞత కాదు. చరిత్ర వ్రాయువానికి మాత్రము కృతజ్ఞత కొంత కావలెను. రంగయ్య, గోవిందుల చిత్తరువులు వందలుగా నేడు ఎడింబరో రాజకీయోద్యానమున భద్రముగా నున్నవి. వానిని గూర్చి 2007లో మూడు సంపుటములు వ్రాసి ప్రకటించినవాడు హెన్రీ నోల్టీ అను ఆ దేశపు పండితుడు. మన విశ్వవిద్యాలయములకు వచ్చిన యలసట యేమో నాకు దెలియదు.

1856లో చెన్నరాజధానికి మొదటి అటవీ సంరక్షకుడైన హ్యూ క్లెగ్‌హార్ను చిత్రములను వ్రాయించుటలో వైటు మార్గము ననుసరించెను. డాక్టరు అలెగ్జాండరు హంటరు 1850లో చెన్నపట్టణమున స్థాపించిన కళాశాల విద్యార్థుల చేతను ఇతడు చిత్రములు వ్రాయించెను. తరువాతివాడైన బెడ్డోము 1869 మొదలు 1873 వఱకు కలపచెట్ల మహాగ్రంథమును 330 పటములతో వెలువరించెను. మన యెఱ్ఱచందనపు పటమును అందున్నది. తీసి చూచినచో నొక కొమ్మ, కొన్ని యాకులు, పూగుత్తి, చుట్టును రెక్క గల గుండ్రని కాయ, ప్రక్కన విడదీసిన పూరేకులు. అది యెంత నిర్దుష్టమో అంత యసంపూర్ణము. కొమ్మ యున్నది, చెట్టు లేదు. బెరడు లేదు. అది మొలచిన రాతినేల లేదు. పూచిన నెల యెండ లేదు. వృక్షశాస్త్రమునకు చెట్టు తెల్లకాగితముమీద, ఆకసము లేక నేల లేక, నిలిచిన జాతిలక్షణము. ఒక చెట్టు కాదది, చెట్లన్నిటికి బ్రతినిధి. ఆ పని కది చాలును. కాని చెట్టు నెఱుగుటకు జాలదు. మనుష్యుని వ్రేలిముద్ర చూచి అతని నడక చెప్పగలమా?

కొమ్మను విడిచి నిలుచున్న చెట్టును వ్రాసినవారు చలికొండ లెక్కిన ఆంగ్లేయులు. వేసవి రాగానే చెన్నపట్టణపు కచేరీలు ఉదకమండలమునకు దరలు కాలమది. మన ప్రాంతమున నట్టి యేర్పాటు చిన్నతరహాగా మదనపల్లెకు జేరువనున్న ఏనుగు మల్లమ్మ కొండమీద జరిగినది. సుమారు 4,100 అడుగుల యెత్తుగల ఆ కొండపై గడప జిల్లా కలెక్టరు హార్స్లీ వేసవి విడిది కట్టించుకొనుటతో ఏనుగు మల్లమ్మ పోయి హార్స్లీ మిగిలెను. అచ్చట పరదేశపు నీలగిరి చెట్లు నాటబడి నేడు ఆకసము నంటుచున్నవి. దొరలకును దొరసానులకును నీటిరంగుల పెట్టె యపుడు నాగరకతకు గుర్తు. అందు పెక్కు చిత్తరువులు కాలక్షేపపు పనులే యనుటకు సంకోచింపను. అయినను కూర్చుండి చూచుట యను నలవాటు వారికుండెను.

వారిలో మేరియను నార్తు అను నామె కథ మన గృహస్థులు తెలిసికొనదగినది. ఆమె 1830లో జన్మించి, వివాహము నొల్లక, నలువదియేండ్లు దాటిన పిమ్మట ఒంటరిగా భూమండలము చుట్టి, చెట్లను వాని తావులలోనే తైలవర్ణములతో వ్రాసినది. 1877 మొదలు 1879 వఱకు మనదేశమునందు సంచరించి హిమాలయపు దేవదారులను వ్రాసినది. ఆమె చిత్తరువులు ఎనిమిదివందలకు పైగా క్యూ ఉద్యానమున, ఆమె స్వంత ధనముతో గట్టించిన శాలలో, 1882 మొదలు గోడలనిండ వ్రేలాడుచున్నవి. ధనమున్నది గనుక చెల్లినదందురా? నిజమే. కాని మన యిండ్లలో ధనమున్నచోటను చెల్లలేదు. ప్రతి యుదయమున వాకిట ముగ్గుపిండితో తీగెలు, పద్మములు చూపు తిప్పకుండ దిద్దగల చేయి మన యాడువారిది. ఆ చేతికి కుంచె యిచ్చి, కొండక్రింద నొక చెట్టునెదుట నొంటరిగా గూర్చుండనిచ్చిన తండ్రు లెందఱు, భర్త లెందఱు? రేఖ నేర్చిన చేయి గడప దాటకుండెను. గడప దాటిన పురుషునకు రేఖ రాదు.

ఈ విభజన ఆడుమగలతోనే యాగలేదు. మనలో చెట్టును గూర్చి శ్లోకము చెప్పువాడు ఒక కులము, చెట్టును వ్రాయువాడు మఱియొక కులము, చెట్టునెక్కి తేనె దీయువాడు వేఱొక కులము. మొదటివానికి శబ్దము తెలియును, రెండవవానికి రేఖ తెలియును, మూడవవానికి చెట్టు తెలియును. ముగ్గు రొక్క యరుగుమీద గూర్చుండ లేదు. కోమ్మకోమ్మకు పేరుపెట్టి పిలువగల యానాదిని కవి యడుగలేదు. చిత్రకారుని బండితుడు పంక్తికి బిలువలేదు. దొర యొకడు వచ్చి ముగ్గురికిని జీతములిచ్చి తన బల్లచుట్టు జేర్చుకొన్నాడు. గ్రంథము పుట్టినది, పేరు దొరది యైనది. ఈ సంగతిలో దొరను నిందించుట సులభము. సులభమైనది గనుకనే మనము దానిని జేయుచున్నాము.

కొండకు బోయి చెట్టును వ్రాయుట పాశ్చాత్యుల మార్గమే యని భ్రమపడనక్కఱలేదు. చీనాలో పదవ శతాబ్దమున జింగ్ హావో అను చిత్రకారుడు తైహాంగు పర్వతములలో నివసించి, ఒక లోయలోని ముదుసలి దేవదారుజాతి వృక్షములను జూచి విస్మితుడై, మఱునాడు కుంచెతో మరలివచ్చి, వేలకొలది మాఱులు వ్రాసిన తరువాతనే అవి నిజమునకు దగ్గఱైనవని తన గ్రంథమున జెప్పుకొనెను. ఐరోపాలో ఈ యలవాటు బలపడుటకు గారణము కొంతవఱకు ఒక చిన్న తగరపు గొట్టము. 1841లో జాను రాండు అను అమెరికా చిత్రకారుడు నూనెరంగులను మెత్తని తగరపు గొట్టములలో నింపి మూతబిగించు నుపాయము కనిపెట్టెను. అంతకుముందు పందితిత్తులలో గట్టిన రంగు బయట కొంపోయిన నెండిపోయెడిది. ఆ కాలముననే ఫ్రాన్సులో థియడోరు రూసో మొదలగువారు ఫాంటెన్‌బ్లో యడవిలోని సిందూరవృక్షములను ఒక్కొక్కదానిని మనుష్యుని చిత్తరువువలె వ్రాసిరి. అడవిశాఖవారు ఆ ముసలిచెట్లను కొట్టింప దొడగగా రూసో 1852లో చక్రవర్తికి మొఱపెట్టుకొనెను. 1861వ సంవత్సరపు శాసనముచే ఆ యడవిలో వేయి హెక్టారులకు మించిన భాగము చిత్రకారుల కొఱకు, అనగా కంటికొఱకు, కొట్టరాదని విడువబడెను. అమెరికావారు తమ మొదటి జాతీయవనము నేర్పఱచుటకు పదునొకండేండ్లు ముందు మాట యిది. చూచినవారు వ్రాసిరి, వ్రాసినవారు అడిగిరి, అడిగినందున మిగిలెను.

మనలో నీ కన్ను తెఱచుటకు రాజమహేంద్రవరము చోటయినది. అచ్చటి కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డు కూల్డ్రే స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజుగార్లు ఆయన చలువ నెఱిగినవారు. రామారావు 1897లో బుట్టి, బొంబాయి కళాశాలలో జదివి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో మశూచిచే, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే మరణించెను. బ్రదికియున్నచో మన కొండల నెట్లు వ్రాసియుండెడివాడో యని తలంచుట వ్యర్థము, తలంపకుండుట కష్టము. మనకు బొరుగున మైసూరి చిత్రకారుడు వెంకటప్ప అవనీంద్రనాథుని శిష్యుడై కలకత్తానుండి మరలివచ్చి, ఉదకమండలపు కొండలను, మబ్బులను, వెన్నెలను నీటిరంగులలో వ్రాసెను. పురాణచిత్రములు వ్రాసిన చేయి కడపట కొండగాలి దగ్గఱకు బోయి నిలిచినది. ఆ చిత్తరువులు బెంగుళూరులో నున్నవి.

ఇక మన కొండలమాట. మా కాణిపాకము బాహుదానది యొడ్డు. వేసవిలో నది యనగా నిసుక. చుట్టును నల్లరాతి గుట్టలు, వాని నడుమ మామిడితోటలు. దేవస్థానమునకు వచ్చు యాత్రికునకు చెట్టనగా బండి నిలుపుటకు నీడ. పిల్లలకు చెట్టు వ్రాయుడని చెప్పినచో ముప్పదిమందిలో ఇరువదియెనిమిదిమంది గోధుమరంగు కంబముమీద ఆకుపచ్చని బంతి నిలుపుదురు. అది వారు చూచిన చెట్టు కాదు; పుస్తకపుటట్టమీది చెట్టు. కిటికీవైపు తిరుగుడన్నచో వింతగా జూతురు.

చెట్టు ఆకుపచ్చన యను మాటను వేసవికొండ అబద్ధము చేయును. తపసిచెట్టు ఆకంతయు రాల్చి తెల్లని యెముకవలె నిలుచును. కొండగోగు మోడుకొమ్మల చివర పెద్ద పెద్ద పసుపుపూలు పూయును. మోదుగ ఫాల్గుణమున మండి చైత్రమునాటికి జల్లారును. అపుడు రేల యందుకొనును. వేపచిగురు రాగిరంగు. చింతచిగురు మొదట గులాబి, తరువాత పులుపు. నిజమైన లేతపచ్చన చూడవలెనన్న కానుగకే పోవలెను. చుట్టును సర్వము మాడిపోవుచుండగా నది చైత్రమున నిన్ననే వాన వెలిసినట్లు మెఱయును. తలకోన వంటి నీటిలోయలలో మాత్రము కథ వేఱు. అచ్చట గిల్లతీగె చెట్టునుండి చెట్టునకు త్రాడు పేనినట్లు పాకియుండ, నడివేసవిలోను నీడ చిక్కగా నుండును. ఒకే కొండ వరుసలో పదిమైళ్ల దూరమున రెండు ఋతువులు!

ఈ రంగులను కాగితముమీద బెట్టుట నేర్పునకు బరీక్ష. ఆంగ్లదేశపు పాఠ్యగ్రంథములు తడికాగితముపై రంగును బారనిండని చెప్పును. వారి గాలిలో తడి యున్నది. మన వైశాఖపు గాలికి కుంచె కాగితమును వీడకమునుపే రంగు ఆరి, అంచు గట్టిపడి, చాఱలు మిగులును. రంగునీటిలో తేనెబొట్టు కలిపినచో కొంత నిదానించును. నీటిరంగుల బిళ్లలలో తుమ్మబంకతో పాటు తేనె కలుపుట పాతపద్ధతియే. రెండవ చిక్కు వెలుగుతో. నడిమింట సూర్యుడుండగా నీడ చెట్టుమొదటనే ముడుచుకొనును. కొమ్మల లోతు మాయమై చెట్టు బల్లపరుపగును. కనుక ఉదయము తొమ్మిదిలోపల, సాయంకాలము నాలుగు దాటినపిదప. తొమ్మిది దాటిన తరువాత బండమీద గూర్చుండుటయు సాధ్యము కాదు. నీడకు నలుపు వాడరాదు. ఎఱ్ఱమట్టిమీద బడిన నీడ వంగపండు చాయ, నల్లరాతిమీద బడినది నీలపు చాయ. దీనిని నమ్మనివారు చూచి నమ్మవలెను.

ఇదంతయు వినోదమనుకొందురేమో. ఎఱ్ఱచందనపు దుంగ ధర పెరిగినకొలది ఆ చెట్టు బ్రతుకు తఱిగినది. కూలికి గొట్టువాని బ్రతుకును అంతే. 2015 ఏప్రిలు 7వ తేదీన శేషాచలపు అడవిలో ఇరువదిమంది తమిళ కూలీలు పోలీసు కాల్పులలో గూలిరి. ఆ చెట్టు కడప, చిత్తూరు, నెల్లూరు కొండలను, వాని పొరుగును విడిచి ప్రపంచమున మఱెచ్చటను సహజముగా బెరుగదు. 2010లో శేషాచలమును జీవావరణ రక్షితప్రాంతముగా బ్రకటించిరి. కాపలా కాయువారు, దొంగిలించువారు, కొనువారు అందఱును దానిని తూచియే యెఱుగుదురు. తూకమునకు లొంగని యెఱుక యొకటి కావలెననియే నా వాదము. ఏ చెట్టు ఏ మలుపున నేయేట నెట్లు నిలిచెనో తేదీ వేసి వ్రాసిన చిత్తరువులు ఒక బడిలో పదియేండ్లపాటు చేరినచో, అది కళయైనను కాకున్నను చరిత్ర యగును. ఫోటోగ్రాఫు లేదా యందురు. ఉన్నది, క్షణములో నగును. అందుకనియే తీసినవాడు చెట్టును చూడడు. రెండుగంటలు కూర్చున్నవానికి కొమ్మ యేల వంగినదో, గాయమెచ్చటిదో, చీమలబారు ఏవైపు పోవుచున్నదో తెలియును.

కావలసినది స్వల్పము. మందపు కాగితము, ఆఱు రంగులు, రెండు కుంచెలు, సీసాడు నీరు, నెత్తిన గుడ్డ. రక్షితమైన యడవిలోనికి అటవీశాఖ యనుమతి లేక పోరాదు; పోనక్కఱయు లేదు, రోడ్డుప్రక్కను, బడులలోను, తిరుపతి పరిసరములందును నాటిన యెఱ్ఱచందనములు చాల గలవు. మొదటి యేడు కానుగతో నారంభించుట మంచిది. ఆకు పెద్దది, కొమ్మ తేటగా గనబడును. రెండవ యేడు చింత. ఎఱ్ఱచందనమును మూడవ యేటికి నిలుపవచ్చును. దాని బెరడు బిళ్లలు వ్రాయుటకే నాలుగు ప్రొద్దులు పట్టును. పూవు మాత్రము వేచియుండదు. పూచిన కొలదిదినములలోనే రాలి చెట్టుక్రింద పసుపు పఱచును. కనుక చైత్రము దాటినప్పటినుండి ప్రతి యుదయము పోయి చూచుచుండవలెను.